డిక్కీలో దాచిన మాత్రలు

ప్రశ్న:

నా వయసు 44. సొంతూరు కనిగిరి పక్కన పల్లె. పద్దెనిమిదేళ్ళుగా చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తున్నాను. ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. అయిదు నెలల కిందట తలనొప్పి తగ్గకపోతే ఒంగోలులో చూపించుకున్నాను. బీపీ 170/100 ఉందన్నారు. కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో 1.8, కిడ్నీ వడపోతని కొలిచే జీఎఫ్ఆర్ 47, మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నారు. మూడు నెలలాగి మళ్ళీ చేసినా అంతే. కిడ్నీ జబ్బు, స్టేజ్ 3ఎ, జీవితాంతం జాగ్రత్తగా ఉండాలని చెప్పి ఇంకో మాత్ర కలిపారు.

మా పెద్దన్న 2019లో ఈ జబ్బుతోనే పోయాడు. కాళ్ళు వాస్తే ఏడాది పాటు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నాడు. ఒంగోలు తీసుకొచ్చేసరికి క్రియాటినిన్ 9. రెండేళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిప్పింది నేనే. ఎడమ చేతికి ఆపరేషన్ చేసిన చోట నరం తాడు మాదిరి ఉబ్బి, వేలు పెడితే జుయ్యిమని మోగేది. ఇప్పుడు రాత్రిళ్ళు లేచి నా ఎడమ చెయ్యి నేనే పట్టుకుని చూసుకుంటున్నాను. అన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. పనులన్నీ నేనే చూసుకోవాల్సొచ్చింది.

ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడకి ఎప్పటినుంచో థైరాయిడ్, రోజూ మాత్ర వేసుకుంటుంది. ఆమెకి ఇంకో దిగులెందుకని నా మాత్రలు బండి డిక్కీలో పెట్టి, యూనిట్‌కి పోయాక వేసుకుంటున్నాను. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం, కొడుకు ఇంటర్. నేను తిరగ్గలిగినప్పుడే పిల్ల పెళ్ళి చేసేస్తే మంచిదేమో. పది రోజులకోసారి క్రియాటినిన్ చేయించుకుంటున్నాను. కొత్త మాత్ర మొదలెట్టాక 2.0 వచ్చింది. మాత్రే కిడ్నీని తినేస్తోందని అనుమానం. బంధువొకాయన పసరు మందు ఇప్పిస్తానంటున్నాడు. మందు, సిగరెట్టు ఎరగని నాకే ఎందుకొచ్చింది? నడుం నొప్పికి ఏళ్ళ తరబడి నొప్పి బిళ్ళలు మింగాను, వాటివల్లా? మా ఊరి నీళ్ళవల్లా? నిద్ర లేదు. ఊరికే పిల్లల మీద అరుస్తున్నాను.

(పేరు వద్దు, చీమకుర్తి)

సమాధానం:

మే నెల మధ్యాహ్నం రెండింటికి, యూనిట్ ముందు ఎండలో నిలబెట్టిన మీ బండి డిక్కీ తెరిచి లోపల చెయ్యి పెట్టి చూడండి. ఉంచలేరు. రాళ్ళ మధ్య చీమకుర్తి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? మీ మాత్రల అట్ట వెనక సన్న అక్షరాలతో ఒక ముక్క రాసుంటుంది. 30 డిగ్రీలు దాటని చోట, పొడిగా ఉంచమని. ఎవరికీ తెలియకూడదని మీరు ఎంచుకున్న చోటే మీ మందు పాడవుతోంది. అయిదు నెలలుగా మీరు ఇంత జాగ్రత్తగా చేస్తున్న పని ఇది.

ఎత్తిపొడవడానికి రాయలేదు. నాకు షుగరని తెలిసి పన్నెండేళ్ళు. రిపోర్టు తీసుకున్న సాయంత్రం ఇంటికి పోతూ పావుకిలో మైసూర్‌పాక్ కొని, బస్టాండులో బల్ల మీద కూర్చుని మొత్తం తిన్నాను. రేపటినుంచి ఎట్టాగూ లేదు కదా అని. ఆ తర్వాత మూడు నెలలు ఇంట్లో చెప్పలేదు. పొద్దున వచ్చినవాళ్ళకి "దాచుకోకండి, ఇంట్లో చెప్పండి" అని కౌన్సెలింగ్ ఇవ్వడం, మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ సంచిలోంచి దొంగతనంగా మాత్ర తీసి మింగడం. కాబట్టి దాచుకునేవాళ్ళ మనసు నాకు బయటనుంచి మాత్రమే తెలుసనుకోవద్దు.

ఇక మీ అన్న సంగతి. ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ జబ్బు గురించి మూడు నాలుగు అంకెలు రాశారు. మీ అన్న జబ్బు గురించి మాత్రం కళ్ళకు కట్టినట్టు రాశారు. ఉబ్బిన నరం, వేలికి తగిలిన ఆ జుయ్యిమనడం, రెండేళ్ళ తిరుగుడు. కిడ్నీ అనే మాటకి మీ మనసులో ఉన్న బొమ్మ ఆయనే. వేరే బొమ్మ మీరెప్పుడూ చూడలేదు. డాక్టరుగారు స్టేజ్ 3 అంటే మీకు వినిపించింది స్టేజ్ 5. ఆ రోజునుంచి మీరు మందు వేసుకుంటున్నది మీ జబ్బుకి, భయపడుతున్నది ఆయన జబ్బుకి.

రెంటికీ ఉన్న దూరం చెబుతాను, లెక్కతోనే. మీ అన్నని ఒంగోలు తెచ్చిననాటికి క్రియాటినిన్ 9 అన్నారు. ఆ వయసు మగవాళ్ళకి దాన్ని జీఎఫ్ఆర్‌లోకి మారిస్తే ఏడు దగ్గర తేలుతుంది. అంటే వడపోత దాదాపు ఆగిపోయాక ఆయన ఆస్పత్రి గడప తొక్కారు. మీది 47. మామూలు మనిషితో పోలిస్తే ఇంచుమించు సగం. 15 కంటే తగ్గితే అది అయిదో స్టేజ్. డయాలసిస్ మాట సాధారణంగా అప్పుడు వస్తుంది, అదీ ఒంట్లో లక్షణాల్ని బట్టి. స్టేజ్ 3లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది అంత దూరం పోరు. మీకు వయసు చిన్నది, ప్రోటీన్ కూడా పోతోంది కాబట్టి అజాగ్రత్తగా ఉండే వీలు లేదు. కానీ బీపీని 130/80 దగ్గర పట్టి ఉంచి, ఆ ప్రోటీన్‌ని తగ్గించుకుంటే జబ్బు నడక బాగా మందగిస్తుంది. మీ అన్న ఏడాది పాటు సూదులతో పోగొట్టుకున్నది ఆ అవకాశాన్నే. అది మీ చేతిలో ఉంది. తలనొప్పి పుణ్యమా అని దొరికింది.

ఇంకొకటి. షుగర్ మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా జబ్బుని నెమ్మదింపజేస్తుందని గట్టిగా తేలింది 2020లో. మీ అన్న పోయిన మరుసటి ఏడు. మీకది అవసరమో కాదో మీ డాక్టరుగారు చెబుతారు, ఈసారి వెళ్ళినప్పుడు పేరు చెప్పి అడగండి. ఆయన నడిచిన దారి, ఇప్పుడు మీ ముందున్న దారి ఒకటి కావని మీకు తెలియడం కోసం రాస్తున్నాను.

ఏడవలేదని రాశారు. ఒక్క వాక్యం రాసి వదిలేశారు. శవాన్ని తెచ్చే ఏర్పాట్లు, పెద్దకర్మ భోజనాలు, వదిన పేరున కాగితాలు, అన్నీ ఒకరు చూడాలి కదా, ఆ ఒకరు మీరయ్యారు. అప్పుడు పక్కన పెట్టిన ఏడుపు ఎక్కడికీ పోలేదని నా అనుమానం. మీ రిపోర్టు దాని మూత తీసింది. రాత్రి రెండింటికి మీరు పట్టుకుని చూసుకుంటున్న చెయ్యి సగం మీది, సగం ఆయనది. అందుకే "నీకేం కాదు" అని ఎవరన్నా మీకు ఊరట ఉండదు. అయినవాడు పోయాడు, మీరు దగ్గరుండి చూశారు. ఒక ఆదివారం ఊరికి పోయి వదిన దగ్గర కూర్చోండి. మీ జబ్బు సంగతి ఆ రోజే చెప్పాలని లేదు. ఆయన గురించి మాట్లాడుకోండి. ఏడుపొస్తే రానివ్వండి. ఎట్టాగూ వెళ్తారు కాబట్టి ఒక పని కూడా చేసుకు రండి: అన్న పిల్లలకీ, తోడబుట్టినవాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళకీ బీపీ, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్షలు చేయించమని చెప్పండి. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చినప్పుడు మిగతావాళ్ళు చూపించుకోవాలి. మీ పిల్లలు కూడా.

చెయ్యి పట్టుకుని చూసుకోవడం, పది రోజులకోసారి రక్తం ఇవ్వడం, ఈ రెండూ ఒక తానులో ముక్కలే. చూసుకున్న క్షణం గుండె కుదుటపడుతుంది. గంట తిరక్కుండా మళ్ళీ చూసుకోవాలనిపిస్తుంది. పుండు మీది పొక్కు గిల్లినట్టు. ఎన్నిసార్లు చూసుకుంటే మనసు అన్నిసార్లు "ఏదో ప్రమాదం ఉంది కాబట్టే కదా చూసుకుంటున్నాడు" అని నేర్చుకుంటుంది. పైగా క్రియాటినిన్ రాయి మీద చెక్కిన అంకె కాదు. రెండు ల్యాబుల్లో ఇస్తే రెండు రకాలుగా రావచ్చు. ముందురోజు మాంసం తిన్నా, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినా కాస్త పెరుగుతుంది. 1.7, 1.9, 1.8 అని ఊగుతుంటే అది జబ్బు ఊగడం కాకపోవచ్చు, కొలత ఊగడం. మీరు దాంతో పాటు ఊగుతున్నారు, పదిరోజులకోసారి డబ్బిచ్చి మరీ. డాక్టరుగారు ఎన్నాళ్ళకి చేయించమంటే అన్నాళ్ళకే, ఒకే ల్యాబులో చేయించండి. మధ్యలో ఊరికే ల్యాబు మెట్లెక్కకండి.

మీకు నిద్ర లేకుండా చేసిన ఆ 2.0 సంగతి. కొత్త మాత్ర పేరు మీరు రాయలేదు. బీపీ ఎక్కువై, మూత్రంలో ప్రోటీన్ పోయేవాళ్ళకి సాధారణంగా ఇచ్చేది టెల్మిసార్టాన్ కోవలోని బీపీ మాత్ర. అది వడపోత గొట్టాల్లోని ఒత్తిడిని తగ్గిస్తుంది. ఇన్నాళ్ళూ ఆ అధిక ఒత్తిడితోనే కిడ్నీ పరిగెడుతోంది. ఒత్తిడి తగ్గితే మొదట్లో వడపోత కూడా కాస్త తగ్గి క్రియాటినిన్ కొంచెం పైకి జరుగుతుంది. 30 శాతం లోపు పెరుగుదలని డాక్టర్లు ముందే ఊహిస్తారు, పొటాషియం కూడా చూసుకుని మందు కొనసాగిస్తారు. 1.8 నుంచి 2.0 అంటే 11 శాతం. మీది ఆ కోవ మాత్రే అయితే, అది చేయాల్సిన పని అది చేస్తోందనడానికి గుర్తు కావచ్చు. మాత్ర పేరు, ఈ రెండు అంకెలు రేపే ఫోన్ చేసి డాక్టరుగారికి చెప్పండి. మీ అంతట మీరు ఆపొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఆ మాత్ర వేసుకునేముందు ఆయన్ని అడగండి, అట్టాంటప్పుడు కొన్నాళ్ళు ఆపమంటారు.

పసరు వద్దు. దానిలో ఏం కలిపారో ఇచ్చినవాడు చెప్పడు, వడపోయాల్సింది మీ కిడ్నీ. "వారంలో క్రియాటినిన్ తగ్గించే చిట్కా" వీడియోలు కూడా అంతే.

తిండి గురించి మీరు అడగలేదు కానీ భయపడి అన్నీ మానేసి ఉంటారని ఊహిస్తున్నాను. ఉప్పు తగ్గించండి, రోజుకి అన్నిట్లో కలిపి ఒక చెంచా లోపు. మన ఇళ్ళలో ఉప్పంతా ఊరగాయ జాడీలో, ఎండు చేపల్లో ఉంటుంది. పండ్లు, కొబ్బరి నీళ్ళు మానాలా వద్దా అన్నది మీ పొటాషియం అంకె చెబుతుంది, పక్కింటాయన కాదు. ఒకసారి డైటీషియన్ దగ్గర కూర్చుంటే చాలు.

ఎందుకు వచ్చింది? ఇది మీరు మూడు రకాలుగా అడిగారు. మిమ్మల్ని ఓదార్చడానికి అబద్ధం చెప్పలేను. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీకి చేటే. ఎండలో నీళ్ళు సరిగా తాగకుండా పనిచేస్తూ మింగితే ఇంకా చేటు. వాటిని ఇవాళే మానేసి, నడుం నొప్పికి వేరే దారి చూపమని డాక్టరుగారిని అడగండి. నీళ్ళ సంగతికొస్తే, కనిగిరి పక్క ఫ్లోరైడ్ కొత్తగా చెప్పేది కాదు. మీ ఊరి పెద్దవాళ్ళ గార పళ్ళు, వంగిన నడుములే సాక్ష్యం. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. కానీ ఫ్లోరైడ్ ముందుగా దెబ్బతీసేది పళ్ళనీ ఎముకల్నీ. కిడ్నీ జబ్బులకి అదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు. కిడ్నీ జబ్బు ఎంతోమందికి వచ్చిన శ్రీకాకుళం ఉద్దానంలో ఇన్నేళ్ళు వెతికినా ఒకే ఒక్క కారణం దొరకలేదు. నీళ్ళు, వేడి, నొప్పి బిళ్ళలు, వంశం, అన్నీ అనుమానితులే. మీ బీపీ కూడా ఆ వరసలో ఉంది, అది కిడ్నీని పాడు చెయ్యగలదు, పాడైన కిడ్నీ దాన్ని పెంచగలదు.

అందుకని "నాకే ఎందుకు" అన్నదానికి మీకు ముద్ర వేసిన జవాబు ఎప్పటికీ దొరక్కపోవచ్చు. తాగనివాడికి, కష్టపడి బతికినవాడికి వచ్చిందన్న కోపం న్యాయమైనదే. అది ఉండనీయండి. మీరు ఆ బిళ్ళలు మింగింది సరదాకి కాదు. షిఫ్టు నిలబడాలి, జీతం రావాలి, అన్నకి మందులు కొనాలి. ఆ మనిషిని ఇప్పుడు బోనులో నిలబెట్టి మీకు ఒరిగేదేం లేదు. అరుపులు మాత్రం పిల్లలకి తగులుతున్నాయి. ఇవాళ రాత్రి వాళ్ళతో "ఈమధ్య నా ఒంట్లో బాగుండక మీమీద అరిచాను, తప్పు నాది" అనండి. అంతే, ఇంకేం వివరించక్కర్లేదు.

మీరు వీడియోలు చూస్తుంటే ఎవరో ఒకరు మీకు అయిదు మెట్ల దుఃఖం గురించి చెప్పే ఉంటారు: నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే వైద్యురాలు 1969లో అది రాసింది చావుకి దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. మీరు ఆ కోవ కాదు, నలభైనాలుగేళ్ళవాళ్ళు, చాన్నాళ్ళు ఉండే జబ్బుతో చాన్నాళ్ళు ఉండాల్సినవాళ్ళు. మెట్లెక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి రావు కూడా. పొద్దున ఒప్పుకున్నట్టుంటుంది, సాయంత్రం ల్యాబు బోర్డు కనిపిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మొదటి ఏడాది ఇట్టాగే ఉంటుంది. వెనక్కి పోయానని దిగులుపడొద్దు.

రాత్రిళ్ళకి ఒక పని చెబుతాను, చిన్నపిల్లల ఆటలాగా ఉంటుంది కానీ చేసి చూడండి. రోజూ సాయంత్రం డ్యూటీ దిగాక ఒక ఇరవై నిమిషాలు భయపడటానికి కేటాయించండి. ఒకే చోటు, ఒకే టైము. ఒక నోటుబుక్కు పెట్టుకుని బుర్రలో ఉన్నదంతా రాయండి, అక్షరం బాగోకపోయినా సరే. రాత్రి రెండింటికి అదే ఆలోచన వస్తే "రేపు ఆరున్నరకి చూద్దాం" అనండి. మొదటి వారం మనసు నవ్వుతుంది, వినదు. రెండు మూడు వారాలకి వినడం మొదలెడుతుంది. చెయ్యి పట్టుకోవాలనిపించినప్పుడు కూడా మానేస్తానని ఒట్టు పెట్టుకోవద్దు, పది నిమిషాలు వాయిదా వెయ్యండి. లేచి మంచినీళ్ళు తాగండి, బయట కాసేపు నిలబడండి. పది నిమిషాలు గడిస్తే సగంసార్లు ఆ ఊపు దానంతటదే దిగుతుంది. ఫోన్ మాత్రం పడుకునే గదిలో పెట్టకండి.

పడగ్గది మాట వచ్చింది కాబట్టి, మగవాళ్ళు ఉత్తరాల్లో రాయనిది ఒకటి. కిడ్నీ జబ్బులో, బీపీ మందుల వల్ల, ఊరికే భయం వల్ల కూడా మగతనం తగ్గినట్టు అనిపించవచ్చు. ఉంటే డాక్టరుగారితోనే చెప్పండి, ఆయనకిది కొత్త కాదు. మెడికల్ షాపులో గుసగుసగా అడిగి కొనుక్కోవద్దు.

పెళ్ళి సంగతి. మీ అమ్మాయికి పందొమ్మిదో ఇరవయ్యో. రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె పెళ్ళి చేసినంత మాత్రాన మీ క్రియాటినిన్ తగ్గదు, మీ భయమూ తగ్గదు. ఇంకో అప్పు మాత్రం చేరుతుంది. "ఆ ఇంట్లో కిడ్నీ ఉంది" అన్న మాట బయటికి పొక్కితే సంబంధాలు రావని మీ పక్క ఊళ్ళలో ఎంత భయమో నాకు తెలుసు. మీ తొందర వెనక అది కూడా ఉందని అనుకుంటున్నాను. ఆ భయంతో చదువు మధ్యలో తెంచితే రేపు మీకు నిజంగా ఒంట్లో బాగోని రోజున పక్కన నిలబడగలిగిన సంపాదన ఉన్న కూతుర్ని మీరే పోగొట్టుకున్నట్టు. భయంలో ఉన్నప్పుడు తిరిగి తీసుకోలేని నిర్ణయాలు చెయ్యొద్దు. పొలం అమ్మడం, ఉద్యోగం మానడం కూడా ఈ లెక్కలోవే. మీ యజమానికి ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఎండలో నిలబడే పని తగ్గించమని మాత్రం వేరే కారణం చెప్పి అయినా అడగండి, నీళ్ళ సీసా దగ్గరుంచుకోండి.

ఇట్టా ఇంకో రెండు వారాలు వరసగా ఏ పని మీదా మనసు నిలవక, తిండి సయించక, బతకడం దండగనిపిస్తుంటే అది దిగులు దాటి జబ్బయిందని అర్థం. కిడ్నీ రోగుల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ ఉంటుంది. దానికి వేరే వైద్యం ఉంది, పనిచేస్తుంది. నీరసం మాత్రం మనసుదేనని కొట్టిపారెయ్యొద్దు, కిడ్నీ జబ్బులో రక్తం కూడా తగ్గుతుంది, హిమోగ్లోబిన్ చూపించుకోండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి చెయ్యండి. టెలీ మానస్, సర్కారుది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

చివరికి మీ ఆవిడ. ఆమెకి దిగులు ఎందుకని దాచారు. అయిదు నెలలుగా ఆమె ఏం చూస్తోందో ఒకసారి ఆమె కళ్ళతో చూడండి. మొగుడు రాత్రి లేచి ఫోన్ పట్టుకుంటున్నాడు. ఒంగోలు పోయొస్తున్నాడు, ఎందుకో చెప్పడు. పిల్లల మీద అరుస్తున్నాడు. అన్నం సగం వదిలేస్తున్నాడు. ఏ ఆడమనిషికైనా ఇవన్నీ చూస్తే కిడ్నీ గుర్తుకు రాదు. అప్పులో, ఇంకో మనిషో గుర్తుకొస్తుంది. మీరు చెప్పబోయే నిజం, ఆమె ఇప్పటికే ఊహించుకుంటున్నదానికంటే తేలికైనదే కావచ్చు.

పిల్లలు పడుకున్నాక చెప్పండి. రిపోర్టులన్నీ ముందెయ్యకండి. "నాకు బీపీ ఉంది. కిడ్నీలు కూడా సగమే పనిచేస్తున్నాయి. మందులు వాడుతున్నా. అన్న మాదిరి కాలేదు, కాకుండా చూసుకుంటా" అంటే చాలు. ఆమె మొదటి ప్రశ్న "బావ మాదిరేనా?" అనే. తర్వాత ఏడుస్తుంది. ఆ తర్వాత కోపం వస్తుంది, "అయిదు నెల్లు నాకెందుకు చెప్పలా, నేనేమన్నా పరాయిదాన్నా?" అంటుంది. ఆ కోపానికి అడ్డం చెప్పకండి, అది ఆమె హక్కు. ఈసారి డాక్టరు దగ్గరికి ఆమెని తీసుకెళ్ళండి. మీరు భయంలో వినిపించుకోని మాటలు ఆమె వింటుంది.

ఇంకో సంగతి మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించలేదు. మీ ఆవిడకి ఎప్పటినుంచో థైరాయిడ్ అన్నారు. రోజూ తెల్లారి లేచి, పరగడుపున ఆ చిన్న సీసాలోంచి మాత్ర తీసి మింగి, అరగంటాగి టీ తాగుతుంది కదా. అదీ తగ్గేది కాదు, జీవితాంతం వాడాల్సిందే. ఎప్పుడైనా ఆమెని రోగిష్ఠిదని అనుకున్నారా? ఆమె అనుకుందా? మీకు ఇప్పుడు తెలియాల్సిన పని ఆమెకి ఏళ్ళుగా వచ్చు. అడగండి, మాత్ర మర్చిపోకుండా ఏం చేస్తుందో.

మాట్లాడాక, ఆ రాత్రే బయటికెళ్ళి డిక్కీ తెరవండి. ఎండకి మెత్తబడ్డ, రంగు మారిన అట్టలుంటే షాపులో చూపించి కొత్తవి తీసుకోండి. మిగతావి తెచ్చి ఆమె సీసా పక్కన పెట్టండి.